గొడుగుగారి ఎండ పంట

ఊళ్ళో వాళ్ళ నెత్తిన ఎండ పడకుండా చూసి పొట్టపోసుకునే మనిషి, ఆ ఎండనే మూటగట్టి ఇంటికి తెస్తానంటే ఎవరైనా నవ్వుతారు. గొడుగుగారి భార్య నవ్వలేదు. అంటే వ్యవహారం నవ్వే దశ దాటిందన్నమాట.

గొడుగుగారికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది. గొడుగుల కొట్టు పెట్టాక ఆ పేరు మడతపడిపోయింది, మళ్ళీ విచ్చుకోలేదు. ఆ శనివారం సాయంత్రం ఆయన చంకలో పుస్తకమంత నల్లటి సంచి పెట్టుకొచ్చి, హాలు మధ్య నిలబడి, ఒక్కో మడతా విప్పడం మొదలెట్టారు. విప్పినకొద్దీ అది సాగి, సోఫా ఎక్కి, టీవీ మొహం కప్పేసింది.

"ఏమిటండీ ఇది? చాపా?"

"చాపేమిటోయ్! సోలారు పలక! ఎండలో పరిస్తే చాలు, ఫోన్లు చార్జయిపోతాయి. మడత పెడితే సంచి, విప్పితే కరెంటాఫీసు!"

"కాళ్ళు పిసికే మిషను తెచ్చినప్పుడూ ఇలాగే గంతులేశారు. అది మీ కాళ్ళు పట్టుకుని వదలకపోతే పక్కింటివాళ్ళని పిలవాల్సొచ్చింది."

"దానికి కాస్త ఆప్యాయత ఎక్కువ."

"మాట్లాడే తూకం మిషనో?"

"అది నిజం చెప్పింది. నువ్వు ఊరుకోలేదు."

ఆ ఆప్యాయతా, ఆ నిజాయితీ, ఇంకా ఫ్యాను బిగించిన గొడుగూ, గుడ్లు ఒలిచే గొట్టమూ అన్నీ కలిసి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చిన్న గదిని ఆక్రమించుకున్నాయి. ఆవిడ కుట్టుమిషనేమో వంటింటి గుమ్మంలో నిలబడి పనిచేసేది. కూరలో దారం, కుట్టిన చొక్కా మీద కూర. ఏళ్ళ తరబడి అదే తంతు.

ఇప్పుడావిడ ఫోనులోనే కుట్టుపాఠాలు చెప్పడానికి సిద్ధమైంది. తొలి పాఠం ఆదివారం నాలుగింటికి. సరిగ్గా ఆ రోజే లైన్ల మరమ్మత్తుకని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కరెంటు తీసేస్తామని కబురొచ్చింది.

"రాత్రికే ఫోను చార్జింగుకి పెట్టేసుకుంటాను," అందావిడ.

"వద్దు!" గొడుగుగారు ప్లగ్గుకి అడ్డంగా నిలబడ్డారు. "పెట్టావంటే నన్ను నమ్మనట్టే. రేపు నీ ఫోనుకి తిండి పెట్టే పూచీ నాది."

ఆవిడ ఆయన్నోసారీ, చిన్న గదినోసారీ చూసింది. "అయితే పందెం. నాలుగింటిదాకా నా ఫోను మీ ఎండతో బతికుంటే, ఈ జన్మకి ఆ గది జోలికి రాను. చచ్చిందా, గది నాది."

"కాసుకో!" అన్నారాయన, తొడ కొట్టబోయి, పలక తగిలి మోచెయ్యి పట్టుకుంటూ.

ఆదివారం కరెంటు పోవడమే ఆలస్యం, ఆయన బాల్కనీలోకి దూకారు. కానీ ఆ బాల్కనీకి ఎండ దూరపుచుట్టంలాంటిది. గుమ్మందాకా వచ్చి, లోపలికి రాకుండా పలకరించి పోతుంది. దాంతో మేడపైకి దండయాత్ర. దండయాత్ర అన్నాక దండోరా ఉండాలిగా! మెట్టుమెట్టుకీ తన పలక ప్రతాపం చాటుకుంటూ ఎక్కారు.

పైవాటాలో ఉండే పళ్ళడాక్టరు తలుపు తీశాడు. "నాదీ కాస్త ఎండబెడతారా అండీ? ఒక్క ఫోనే."

"ఒక్కటేమిటి డాక్టరుగారూ, ముప్ఫైరెండూ పట్రండి!"

ఆ మాట గాలికి పాకింది. సైలెన్స్ మాస్టారని అందరూ పిలిచే రిటైరైన హెడ్మాస్టారు రెండు ఫోన్లూ, రేడియో తెచ్చారు. ఇంకెవరో గడ్డం గీసే మిషను తెచ్చారు. పెళ్ళాం ఫోనుకని కట్టుకున్న వంతెన మీద ఊరంతా నడిచింది.

మేడ మీద పలక పరిచి తీగ గుచ్చగానే చిన్న పచ్చదీపం వెలిగింది. గొడుగుగారి ఒళ్ళు పులకరించింది. "వచ్చింది! సూర్యుడు లైన్లోకొచ్చాడు!" అని కేకేశారు. ఆ కేకకి జడిసినట్టు సూర్యుడు మబ్బులోకి దూరాడు.

మబ్బు పోయేసరికి నీళ్ళట్యాంకు నీడ పలక అంచు మీదికి పాకింది. నాలుగు మడతల్లో ఒక్కదాని మీద నీడ పడితే చాలు, పచ్చదీపం చచ్చిపోతోంది. పలక జరిపితే తీగ చాలలేదు. తీగ లాగితే ఫోన్లు రాలలేదు కానీ మాస్టారి రేడియో రాలింది.

చివరికాయన బట్టలారేసే తాడు విప్పి, పలకని వీపుకి కట్టుకున్నారు. జేబుల్లో ఫోన్లు, మెళ్ళో తీగలు, నడుము ముందుకి వంచి నుంచున్నారు. సూర్యుడు ఎటు తిరిగితే ఆయన వీపు అటు తిరిగింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్య మాటకైనా ఆయన అలా తిరిగి ఎరగరు.

అంతా బాగానే ఉండేది, ఆత్రమొక్కటి లేకపోతే. ఎంత నిండిందో చూడాలని నిమిషానికోసారి భార్య ఫోను తెర వెలిగించేవారు. ఎండలో కనపడదని వెలుతురు ఆఖరిదాకా పెంచేవారు. పన్నెండు శాతం పదమూడైంది. ఎగిరారు. ఎగిరినప్పుడు తీగ ఊడింది. మళ్ళీ పన్నెండు. ఎలా తగ్గిందని తెరిచి చూస్తే పదకొండు. ఇలాగే పదేపదే చూసుకోవడంలోనే అది కరిగిపోయింది. మొలకొచ్చిందా లేదా అని విత్తనం తవ్వి చూసే సేద్యం ఆయనది.

చివరికి ఫోను కాగిపోయి, ముందు నన్ను చల్లార్చమని తెర మీద చెప్పి నోరు మూసుకుంది. చుట్టూ చూశారు. ఏమదృష్టం! సరిగ్గా అప్పుడే ట్యాంకు నిండి పొర్లుతోంది. జేబురుమాలు తడిపి, పిండి, ఫోనుకి చుట్టి, అడక్కుండానే నీళ్ళిచ్చిన ట్యాంకుకి ఓ దణ్ణం పెట్టారు.

ఆ వెంటనే పళ్ళడాక్టరు వచ్చాడు. "ఇక చాలండీ," అని ఫోను తీసుకుని, పళ్ళు కనపడకుండా నవ్వి వెళ్ళిపోయాడు. మాస్టారొచ్చి, ఏమీ అనకుండా తన సరంజామా సర్దుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ వచ్చి పట్టుకెళ్ళారు.

"చూశారా, ఎంత తొందరగా నిండిపోయాయో!" అని గొడుగుగారు ఉప్పొంగిపోయారు.

ఆఖర్న కూతురొచ్చింది. "నాన్నా, అమ్మ ఫోనిమ్మంటోంది. ఎంతుందీ?"

"మూడు. వేడి తగ్గాక పెరుగుతుంది."

"పెరుగవ్వడానికి అదేమైనా పాలా నాన్నా?"

"నీకు తెలీదు, పో! మూడు శాతంతో కాసేపు బతుకుతుంది. ఈలోగా పలకతోపాటు ఇచ్చిన ఈ పవర్ బ్యాంకు నింపుకొస్తాను. అమ్మని దిగులుపడొద్దని చెప్పు!"

పిల్ల ఏదో చెప్పబోయింది. తండ్రి అప్పటికే సూర్యుడికి వీపు అప్పజెప్పేశారు. అది చూసి, ఫోను పుచ్చుకుని దిగిపోయింది.

ఇప్పుడు పోటీలేదు, పొరుగు ఫోన్లు లేవు. ఎండంతా ఆయనదే. పవర్ బ్యాంకు మీద ఒక చుక్క వెలిగింది, రెండు, మూడు. నాలుగో చుక్క వెలగగానే గొడుగుగారు గెలుపు కేక పెట్టి, వీపున పలక రెక్కల్లా టపటపలాడుతుంటే మెట్లు దూకారు. లిఫ్టు ఆయన పక్కనుంచే గుర్రుమంటూ దిగిపోయింది. ఆ హడావుడిలో ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"ఏమోయ్! తెచ్చేశా! ప్రాణం తెచ్చేశా!" అంటూ ఇంట్లోకి దూసుకొచ్చారు.

వంటింటి గుమ్మంలో మిషను లేదు. చిన్న గదిలోంచి టకటకమని చప్పుడు. తలుపు తోశారు. లోపల దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. నడుమ కుట్టుమిషను పట్టపురాణిలా కూర్చుంది. దాని ముందు భార్య, ఎదురుగా గోడకి ఆనించిన ఫోనులో పాఠం వినే ఆడవాళ్ళంతా వరసగా, ఆయన్నే చూస్తూ.

"క.. కరెంటు?"

"మధ్యాహ్నానికే వచ్చేసింది. పని తొందరగా అయిపోయిందట." ఆవిడ మిషను ఆపలేదు. "ట్యాంకు పొర్లింది కదండీ. మోటారు మీ వీపు మీద నడిచిందనుకున్నారా?"

ఆయన ట్యాంకుకి పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది.

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్పమనే అమ్మాయిని పంపించా. మీరు సూర్యుడికి వీపుతో నమస్కారాలు చేస్తున్నారట. పాపం, చెడగొట్టబుద్ధి కాలేదట."

"అయినా నాలుగింటిదాకా గడువన్నావుగా! నా మిషన్లేవీ?"

"మెట్లు దిగుతుండగానే ఫోను కన్నుమూసింది. గోడ ప్లగ్గుకి పెడితే గానీ లేవలేదు. చచ్చినదానికి గడువెందుకండీ? మీ సామానంతా కొట్టుకి చేరింది. ఫోన్లు తీసుకెళ్ళిన వాళ్ళందరూ తలో చెయ్యి వేశారు. కాళ్ళు పిసికేది మాత్రం డాక్టరుగారి చెయ్యి పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు."

గొడుగుగారు నాలుగు చుక్కల పవర్ బ్యాంకుని అరచేతిలో పెట్టుకుని నిలబడిపోయారు. మొహం ఎండకి ఎర్రబడిందో, సిగ్గుకో తేల్చడం కష్టం. "మరి.. దీన్నేం చేయను?" అన్నారు నూతిలోంచి వచ్చినట్టు.

ఆవిడ మిషను ఆపింది. ఆయన్ని ఎగాదిగా చూసి, ఓ క్షణం పెదవి బిగబట్టింది.

"ఇలా ఇవ్వండి. ఇంకెప్పుడైనా పాఠం మధ్యలో కరెంటు పోతే అక్కరకొస్తుంది. ఎంతైనా మీరు పండించిన పంట." అని దాన్ని మిషను సొరుగులో, దారపుండల పక్కన జాగ్రత్తగా పెట్టింది. తర్వాత ఫోను వైపు తిరిగింది. "ఈ రోజు పాఠం మడతలు కదమ్మా? మడత విప్పడం ఎవరికైనా వస్తుంది. మళ్ళీ పెట్టడంలోనే ఉంది పనితనం. ఆయన వీపు మీది పలకతోనే చూపిస్తాను. ఏమండీ, ఇటు తిరగండి."

గొడుగుగారు చటుక్కున తిరిగారు. పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి అలవాటైపోయింది మరి.