తుప్పు మందు, తెల్ల కారు

ఆయుధపూజ నాటి పొద్దున ఉప్పల్‌లో బస్సెక్కుతూ కొమురెల్లి అనుకున్నది ఒక్కటే. నీళ్లు ఎటు పోతున్నాయో ఇవాళ తేలాలి, లేదంటే రేపటినుంచి తను నాచారం ఫ్యాక్టరీకి పోనక్కరలేదు.

ఫ్యాక్టరీలో మిషన్లనూ ఏసీలనూ చల్లబరిచే నీళ్లు పైపుల్లోనే తిరిగి తిరిగి ట్యాంకుకే రావాలి. చుక్క బయటికి పోగూడదు. పైపులు తుప్పు పట్టకుండా అందులో మందు పోస్తారు. ఏడాదికి ఒక డ్రమ్ము చాలు. ఈసారి దసరాకే నాలుగు అయ్యాయి. నీళ్లు తగ్గడం, కొత్త నీళ్లు పట్టడం, మళ్లీ మందు పోయడం. ఆ నీళ్లూ మందూ చూసుకునే కొమురెల్లే మందు బయట అమ్ముకుంటున్నాడని మేనేజర్ నరసింహమూర్తి కాగితం మీద రాసి పెట్టాడు. ఏడో తరగతితో బడి మానినవాడి మాట కన్నా కాగితం మాట ఎక్కువ గదా.

అందుకే కొమురెల్లి ఎవరికీ చెప్పకుండా, లీకు పట్టే గులాబీ రంగు తెచ్చి ట్యాంకులో కలిపాడు. పైపుల వెంట గంటసేపు వెతికాడు. ఎక్కడా తడి లేదు.

తొమ్మిదింటికి గేటు దగ్గర గొడవ. పూజకని కడిగి నిలబెట్టిన మేనేజర్ గారి తెల్ల కారు గులాబీ రంగుకు తిరిగింది. పనివాళ్లు కుంకుమ నీళ్లు చల్లారని ఆయన తేల్చేసి, మళ్లీ కడగమన్నాడు. డ్రైవర్ రాజయ్య కడిగాడు. రంగు చిక్కబడింది. షాంపూ పెట్టి కడగమన్నాడు. అద్దాలు కూడా ఎర్రబడ్డాయి. మూడో కడుగుడికి ట్యాంకు అడుగంటింది, ఏసీలు ఆగాయి, ఓనరు పద్మశ్రీ మేడమ్ చెమట తుడుచుకుంటూ కిందికి దిగింది.

"ఇదంతా కొమురెల్లి పనేనండీ. ఇవాళే పంపించేద్దాం" అన్నాడు మేనేజర్.

కొమురెల్లి ఆయన వంక చూడనైనా లేదు. "రాజన్నా, కారు ఏ నీళ్లతోని కడిగినవ్?"

"షెడ్డు ఎన్కల ఏసీ నీళ్ల పైపుకు సార్ నల్లా పెట్టిచ్చిండు గదనే. బోరు నీళ్లతోని మరకలు పడ్తున్నయట. ఆర్నెల్ల సంది రోజు గవే."

కొమురెల్లి ఒక గ్లాసులో ట్యాంకు నీళ్లు, ఇంకో గ్లాసులో కారు కింద కారిన నీళ్లు పట్టి మేడమ్ ముందు పెట్టాడు. రెండూ ఒకటే గులాబీ.

"నేనమ్ముకున్న మందు గిదే మేడమ్. సార్ బండికి ఇగ జన్మల తుప్పు పట్టది."

మేడమ్ ఆ కాగితం తెప్పించి, కొమురెల్లి పేరు కొట్టేసి, నరసింహమూర్తి పేరు రాసింది. కొబ్బరికాయ కొమురెల్లి చేత కొట్టించింది.

పూజలో బండ్లన్నిటికీ బొట్లు పెట్టారు. ఆ కారుకు అవసరం లేకపోయింది.