పడవ దిండు దూది కేసు

"ఈ నగరంలో నేరం చేసేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఒకసారి పోలీసుల గురించి, రెండోసారి నా గురించి!" అని పొద్దున్నే ఐదున్నరకి బావ ప్రకటించాడు, కుడికాలి బూటు ఎడమకాలికి తొడుక్కుంటూ.

బావమరిది ఆవలించాడు. బావ ఉద్యోగం ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూడటం. డిటెక్టివ్ అన్నది తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. అక్క పడే పాట్లు చాలవన్నట్టు, ఆయన వెంట తిరిగే పని తమ్ముడి నెత్తిన పడింది.

ప్రస్తుత కేసు ఇదీ: వారం రోజులుగా నదిలో పడవ నడిపే ఆయన దిండులోంచి దూది మాయమవుతోంది.

"చిరిగిన దిండు కదా బావా, రాలిపోయుంటుంది."

"అమాయకుడా! అందులో వజ్రాలున్నాయి. ముఠా వెతుకుతోంది. ఆదివారం ఆదివారం ఒడ్డున తిరిగే గుంపును చూశావా? అందరివీ మట్టిరంగు బట్టలు. మెడలో బైనాక్యులర్లు. నోరు విప్పరు. ఇవాళ మనం అందులో కలిసిపోతున్నాం!"

"వాళ్ళు పిట్టల్ని చూడ్డానికి వెళ్తారు బావా. వాళ్ళు పంచిన కాగితం మీద రాసుంది."

"ముఠా అని రాసుకుంటారా మరి?"

పిట్టల్ని చూసే ఆ నడకకు గైడు ఒకావిడ. ఆ రోజు ఆవిడ ముఖంలో కళ లేదు. బయల్దేరేముందే గుంపుకి చెప్పేసింది: "రేపు యంత్రం వచ్చి ఈ రెల్లంతా కోసేస్తుందండీ. పిట్ట పొదుగుతున్న గూడు ఒక్కటి ఫోటో తీసి చూపిస్తే, పిల్లలు ఎగిరేదాకా ఆపుతామన్నారు నది ఆఫీసువాళ్ళు. మూడు వారాలుగా వెతుకుతున్నా దొరకలేదు. ఇవాళే ఆఖరు."

బావమరిదికి జాలేసింది. బావకు అనుమానమేసింది.

వంతెన దాటాక గైడు పిడికిలి పైకెత్తింది. పిట్ట కదిలిందంటే ఈ నడకలో అదే సైగ. ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి. అందరూ బిగుసుకుపోయారు, ఒక్కడు తప్ప.

"సంకేతం ఇచ్చేసింది! చుట్టుముట్టాలి!" అంటూ బావ వంగి రెల్లులోకి దూరాడు. నాలుగడుగులు వేశాడో లేదో మోకాళ్ళదాకా బురదలో దిగబడి, బోర్లా పడ్డాడు. చిన్న గోధుమరంగు పిట్ట ఒకటి తిట్టుకుంటూ ఎగిరిపోయింది.

"బావా! బతికే ఉన్నావా?"

"అరవకు! నా ముక్కుకి జానెడు దూరంలో దిండు దూది ఉంది. అందులో మూడు వజ్రాలు! గుండ్రంగా, చుక్కలు చుక్కలుగా..."

గైడు చేతులు జోడించింది. "అవి గుడ్లండీ! మీరు లేస్తే రెల్లు ఊగి గూడు పడిపోతుంది. పిట్ట తిరిగొచ్చేదాకా కదలకండి, మీకు దణ్ణం పెడతా!"

పుట్టి బుద్ధెరిగాక ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని బావ, ముక్కు మీద దోమ కుడుతున్నా నలభై నిమిషాలు శిలలా పడి ఉన్నాడు. ముఠా నాయకురాలికి బందీగా చిక్కానని ఆయన లెక్క.

ఎట్టకేలకు పిట్ట వచ్చింది. ముక్కున ఇంకో పోగు పడవ దూది. దాన్ని గూట్లో సర్దుకుని, బావ మొహం ఓసారి పరీక్షగా చూసి, ఫరవాలేదనుకుని గుడ్ల మీద కూర్చుంది. కెమెరా క్లిక్‌మంది. గైడు నవ్వుతూనే ఏడ్చేసింది. దొంగ ఎవరో తెలిశాక పడవాయన కోప్పడలేదు, మిగతా దూది కూడా తనే పీకి పడవ అంచున పెట్టాడు.

నది ఆఫీసులో అధికారి ఫోటో చూశాడు. "గూడు సరే. ఈ పక్కనున్నదేంటి?"

"అది... అది కత్తిరించేస్తానండీ," అంది గైడు.

"వద్దమ్మా, ఉంచండి. గూడు ఎంతుందో తెలుస్తోంది." సంతకం పడింది. యంత్రం వెనక్కి మళ్ళింది.

ఫోటో అంటించిన ఆ ఉత్తర్వు నకలును బావ ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. ఫోటో కింది వాక్యాన్ని అక్క గట్టిగా చదివింది: "పొదుగుతున్న పిట్ట. పక్కన, కొలత కోసం ఉంచిన వస్తువు."

బావ మొహం వాడిపోయింది. "వస్తువేంట్రా?"

"డిటెక్టివ్ పేరు బయటపెడతారా బావా?" అన్నాడు బావమరిది.

"నిజమే! రహస్యం కాపాడారు!" అంటూ బావ గుమ్మంలోకి పరిగెత్తి, వీధిలో పోయే ప్రతివాణ్ణీ లోపలికి పిలిచి, ఆ వస్తువు తానేనని చెప్పడం మొదలుపెట్టాడు.