ఇద్దరక్కల చిట్టి

ఆ సోమవారం పొద్దున భానుప్రియ పెట్టుకున్నది చాలా చిన్న పని. బర్మాలోని లైంగ్‌థార్యార్‌లో తాను చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీకి ఒక పూట సెలవు పెట్టి, అయిదేళ్ల కూతురు చిట్టిని కొత్తగా పెట్టిన ఉచిత బడిలో చేర్పించి, మధ్యాహ్నానికి మళ్లీ మిషను ముందు కూర్చోవాలి. ఇక్కడ చదివిన పిల్లలు రేపు కుట్టుమిషను దగ్గర కాదు, కంప్యూటరు దగ్గర కూర్చుంటారని బడి గోడ మీద రాసి ఉంది. తన చదువు ఏడో తరగతితో ఆగింది. చిట్టిది ఆగకూడదు. మిగిలింది ఒక్క సీటు. గడువు పన్నెండింటికి.

డాఖిన్ టీచరు ఫారం తెరిచి, పిల్లకు ఏమవుతావని బర్మీస్‌లో అడిగింది. తల్లినని భానుప్రియ చెప్పింది. సరిగ్గా అప్పుడే చిట్టి కొంగు లాగి, "అమ్మా, దాహం" అంది.

బర్మీస్‌లో 'అమా' అంటే అక్క.

"అక్కవై ఉండి అమ్మనంటావేం?" అంది టీచరు నెమ్మదిగా. "పసిపిల్లలు అబద్ధం చెప్పరు."

మా భాషలో తల్లిని అలాగే పిలుస్తామని భానుప్రియ చెప్పింది. సీటు కోసం అందరూ ఏదో ఒకటి చెప్తారంది టీచరు. ఇంట్లో ఎవరికెవరు ఏమవుతారో రాసి ఉండే సర్కారు జాబితా కాగితాన్ని భానుప్రియ తీసి చూపించింది. అది మొన్నటి వానకు తడిసి, పేర్లు మిగిలి, వరసలు చెరిగిపోయాయి. ఇంట్లో పెద్దవాళ్లనెవరినైనా తీసుకురమ్మంది టీచరు.

చిట్టిని బెంచీ మీదే ఉంచి భానుప్రియ ఇంటికి పరుగెత్తింది. పప్పు రుబ్బుతున్న అత్త తులసమ్మను పిండి చేతులతోనే వెంటబెట్టుకొచ్చింది. నాయనమ్మను చూడగానే చిట్టి, "మామ్మా" అంటూ చుట్టుకుంది.

బర్మీస్‌లో 'మమ' అన్నా అక్కే.

టీచరు అరవై ఏళ్ల తులసమ్మను నెరిసిన జుట్టు నుంచి చెప్పుల దాకా చూసింది. "పెద్దక్కన్నమాట" అని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

తులసమ్మకు బర్మీస్ కూరగాయల బేరం వరకే వచ్చు. "ఏటంటందే, బానూ?"

"నువ్వు నాకు అక్కవంట, అత్తా."

"మరి కాదని సెప్పకపోయావా?"

"పొద్దుట్నించీ అదే సెప్తన్నాను."

ఇద్దరక్కల పెంపకంలో ఉన్న తల్లిలేని పిల్లకే మొదటి హక్కని టీచరు ఫారం మీద ముద్ర వేసింది. భానుప్రియ నోరు తెరిచింది. గడియారం చూసింది. పన్నెండుకు అయిదు నిమిషాలుంది. వరసలో వెనక ఇంకా ఇద్దరు తల్లులున్నారు. నోరు మూసుకుని, బతికుండగానే తాను లేనట్టు సంతకం పెట్టింది.

"ఇంకొక్కటి" అంది టీచరు. చదువు మధ్యలో ఆపిన అక్క ఉంటే ఆమె కూడా ఆదివారం తరగతికి రావాలట. రాకపోతే చెల్లెలి సీటు పోతుందట. ఏడుతో ఆపేశానని చెప్పిన భానుప్రియ పేరు ఎనిమిదో తరగతిలో ఎక్కింది.

"నాకు బట్టలుతుక్కునే రోజు అదొక్కటే" అని గొణిగింది భానుప్రియ.

"పెద్దక్క ఉతుకుతుంది" అంది టీచరు.

ఆ ఒక్క మాట మాత్రం భానుప్రియ అత్తకు తెలుగులో చెప్పలేదు.

మూడు నెలల తర్వాత భానుప్రియ మార్కుల కాగితం మీద తులసమ్మ పెద్దక్కగానే వేలిముద్ర వేసింది. లెక్కల్లో ఎన్నొచ్చాయో చిట్టి చదివి వినిపించాక మాత్రం అత్తగానే మాట్లాడింది.