మా వదిన జామర్ విమానం

మన సైన్యానికి కొత్త జామర్ విమానాలు అక్కర్లేదు గాక అక్కర్లేదు! ఈ మాటన్నందుకు నన్ను దేశద్రోహుల్లో కలిపేయకండి. ముందు మా వదిన సంగతి వినండి.

మా వదిన ఎయిర్‌ఫోర్స్‌లో జామర్ విమానం వెనక సీటు అధికారిణి. ఫైటర్లు దాడికి వెళ్తుంటే తోడుగా ఎగురుతూ, శత్రువు రాడార్ కళ్ళలో దుమ్ము కొడుతుంది, రేడియో చెవుల్లో సీసం పోస్తుంది. ఆవిడ పని సరిగ్గా చేస్తేనే ముందు వెళ్ళినవాళ్ళు ఇంటికి తిరిగొస్తారు. విమానం మాత్రం వయసులో ఆవిడ కంటే పెద్దది. వానొస్తే అద్దం సందులోంచి చినుకులు పడతాయి. అప్పుడావిడ యంత్రం మీద తువ్వాలు కప్పుతుంది.

మా అన్నయ్య నేవీలో, ఓడ రాడార్ ముందు కూర్చుంటాడు. ఒకరిది చూసే ఉద్యోగం, ఒకరిది చూడనివ్వని ఉద్యోగం. అయినా కాపురం చల్లగానే ఉంది.

కొత్త విమానం ఇప్పించండని వదిన మొరపెట్టుకుంది. ముగ్గురు పెద్దలతో కమిటీ వేశారు. ఎయిర్‌ఫోర్స్ పెద్దాయన, ఎవరి కంటికీ ఆననిది కావాలన్నాడు. నేవీ పెద్దాయన, రెక్కలు మడిచి ఓడలో పెట్టుకునేది కావాలన్నాడు. ఆర్మీ పెద్దాయనకి అసలు పైలటే వద్దు, సిపాయి చేత్తో విసిరితే ఎగిరిపోవాలి! ముగ్గురూ కలిసి ఒకటి చేయించుకోవచ్చుగా అంటారా? ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమనే చోట అదెలా కుదురుతుందండీ? చివరికి ఎవరి దగ్గరున్న పాత జామర్ వాళ్ళు తెచ్చుకుని, ఉమ్మడి విన్యాసాల్లో తేల్చుకుందామన్నారు.

తేల్చుకున్నారు!

ఏ ఫ్రీక్వెన్సీ మీద గోల చేస్తామో ఎయిర్‌ఫోర్స్ నేవీకి చెప్పలేదు, రహస్యం. నేవీ ఆర్మీకి చెప్పలేదు, పరువు. ఆర్మీ ఎవరికీ చెప్పలేదు, అలక. మూడూ ఒక్కసారే మోగాయి. అన్నయ్య రాడార్ తెర పాలు ఒలికినట్టు తెల్లబోయింది. ఒడ్డున సిపాయిలు రేడియోలు పక్కన పడేసి చేతులూపుకున్నారు. శత్రువన్నవాడే లేకుండా మూడు దళాలకూ కళ్ళూ చెవులూ పోయాయి. ఏ కొత్త విమానం చేయగలదండీ ఇంత పని?

ఒక్కటే చిక్కొచ్చింది. మబ్బుల్లో మనవాడే ఒక ఫైటర్ పైలట్ దారి తప్పాడు. ఇంధనం అడుగంటింది. కంట్రోల్ టవర్ మాట అతనికి వినబడదు. దగ్గర్లో ఎగురుతున్న వదిన చెవిలో మాత్రం ఆ గోల మధ్య ఒక ముక్క పడింది: "ఎవరైనా ఉన్నారా?"

వదిన చెయ్యి స్విచ్ మీదకి వెళ్ళింది. ముందు సీటు పైలట్ కంగారుపడ్డాడు.

"మేడమ్, ఆపమని ఆర్డర్ రాలేదు!"

"ఎలా వస్తుంది నాయనా, ఎవరి గొంతూ ఎవరికీ చేరకపోతే!"

ఆపేసింది. మిగతా రెండు గోలలూ టవర్ గొంతు నొక్కుతూనే ఉన్నా, వదిన గోల కప్పేసిన అన్నయ్య తెర మీద మళ్ళీ చుక్కలు మొలిచాయి. ఓడ రేడియోలో భార్య గొంతు పలికింది.

"ఏవండీ, నా పక్కన ఒంటరి చుక్క ఏమైనా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. రన్‌వేకి వీపు పెట్టి పోతోంది! ఎడమకి తిప్పించు. నేను చాలనేదాకా తిప్పిస్తూనే ఉండు."

అన్నయ్య చెప్పిన ప్రతి మాటా వదిన ఆ పైలట్‌కి అందించింది. చక్రాలు నేలను తాకాయో లేదో, అతని ఇంజన్ రన్‌వే మీదే ఆరిపోయింది.

విన్యాసాలు ఘనవిజయమని కమిటీ ప్రకటించింది. ఎవరికీ ఏమీ కనబడలేదు, ఇంకేం కావాలి? ఆర్డర్ లేకుండా స్విచ్ ఆపినందుకు వదినకి సంజాయిషీ నోటీసు. పాత విమానానికి కొత్త రంగు. ఇదంతా చూసిన శత్రుదేశం, మన మీదకి జామర్లు దండగని తన పథకం మానుకుందని వినికిడి.

సంజాయిషీ రోజున ముగ్గురు పెద్దలూ ఒకే బల్ల ముందు, ఎవరి టీ ఫ్లాస్కు వాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

"ఆ పాత విమానానికేం తల్లీ, నిక్షేపంలా ఉంది. ఇంకో పదేళ్ళు ఎగురుతుంది," అన్నాడు ఎయిర్‌ఫోర్స్ పెద్దాయన.

"అలాగే సార్," అంది వదిన వినయంగా. "రేపు మళ్ళీ మబ్బుల్లోకే వెళ్తున్నాను. వెనక నా పక్క సీటు ఖాళీ. మీలో ఒకరు సరదాగా వచ్చి కూర్చుంటారా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత, మునుపెన్నడూ ఏ విషయంలోనూ కలవని మూడు దళాలూ, చర్చ లేకుండా, సవరణ లేకుండా, ఒక్క గొంతుతో తీర్మానించాయి:

"అబ్బే, వద్దమ్మా!"