అలుగు వెలసిన గల్లీ

ఆ రోజు పొద్దున అంబదాస్ పెట్టుకున్న పని చిన్నదే. చాయ్ తాగి, గల్లీ వైపు గోడ మీద తాను వేస్తున్న బొమ్మకు తోక పూర్తి చేసి, రంగు ఆరేలోపు స్నానం చేద్దామనుకున్నాడు. సూరత్‌లో లాక్‌డౌన్ పెట్టి నెల దాటింది. మగ్గాలు బంద్, ప్రింటింగ్ మిల్లులు బంద్, రింగ్ రోడ్డు మార్కెట్లు బంద్. చీరల మీద అచ్చు వేసే డిజైన్లు గీయడం అంబదాస్ వృత్తి. పెళ్లికి ముందు నుంచీ గులాబీలు, మామిడి పిందెలు గీసీ గీసీ కలలో కూడా అతనికి మామిడి పిందెలే వచ్చేవి. ఇన్నాళ్లకు చేతికి తీరిక దొరికింది, ఎదురుగా గోడ దొరికింది.

గోడ మాత్రం ఊరికే దొరకలేదు. అది ఇంటి యజమాని జయంతీభాయ్‌ది. గల్లీలో మగవాళ్లకు ఆ గోడ కంటబడితే చాలు, ఎక్కడ లేని తొందరా పుట్టుకొచ్చేది. మూత్రం పోయరాదని రాయిస్తే ఆ అక్షరాలకే గురి చూసి పోశారు. చివరికి జయంతీభాయ్ మేడ మీది నుంచి అంబదాస్‌ను కేకేశాడు. కరోనా భయంతో ఆయన కిందికి దిగడం మానేసి, పాల ప్యాకెట్టు కూడా తాడు కట్టిన బుట్టలో పైకి లాక్కుంటున్నాడు. తెలుగువాళ్లకు గదులు అద్దెకిచ్చీ ఇచ్చీ ఆయనకు మన భాష పట్టుబడింది.

"అంబదాస్ భాయ్, గోడకి భగవాన్ బొమ్మలు వెయ్. దేవుడి మీద ఎవడు పోస్తడు? వాసన బంద్ అయితే నువ్వు ఖుష్, నేను ఖుష్. కాకపోతే గది ఖాలీ చెయ్."

రైళ్లు లేవు, బస్సులు లేవు. గది పోతే పెళ్లాంతో సహా రోడ్డున పడాలి. బుద్ధున్నవాడెవడైనా బుట్టలో దిగిన రంగు డబ్బాలు అందుకుని, ఒక కృష్ణుణ్ణీ ఒక హనుమంతుణ్ణీ వేసేసి చేతులు కడుక్కునేవాడు. అంబదాస్‌కు బుద్ధి ఉంది గానీ, ఆ వారమే ఫోనులో ఒక వీడియో కూడా చూశాడు. అంతరించిపోతున్న జంతువుల బొమ్మలు గోడల మీద వేస్తే చూసినవాళ్లకు వాటి మీద ప్రేమ పుడుతుందట. అతనికి చిన్నప్పుడు సిరిసిల్ల దగ్గర తమ ఊళ్లో చూసిన అలుగు గుర్తొచ్చింది. ఒంటినిండా పెంకులతో, చీమలు తిని బతికే ఆ నోరులేని జీవి భయపడి ఉండ చుట్టుకుంటే, పెంకులు అమ్ముకోవడానికి దాన్ని అలాగే గోనెసంచిలో వేసుకుపోయారు. కృష్ణుడికి భక్తుల కొదవ లేదు, అలుగుకు ఎవరున్నారు అనుకున్నాడు. హనుమంతుడి సింధూరమూ కృష్ణుడి నీలమూ కలిపి మట్టిరంగు చేసేశాడు.

తోక పూర్తయ్యేసరికి భార్య స్వరాజ్యం చెంబు పట్టుకుని బయటికొచ్చింది.

"గిదేంది? పనసపండుకు కాళ్లు పెట్టినవ్?"

"అలుగు. అడివి జంతువు. మంది సూసి దీన్ని కాపాడాలెనని ఏసిన."

"మనల్ని ఎవలు కాపాడాలె? సేఠ్ దేవుణ్ణెయ్యమన్నడు."

"ఇది గూడ దేవుడు పుట్టిచ్చిందే గదనే."

"నన్ను గూడ దేవుడే పుట్టిచ్చిండు. నా బొమ్మ ఎయ్యకపోయినవ్?"

అంతలో మగ్గం నడిపే నరేశ్ గోడ దగ్గరికి వచ్చాడు. వచ్చిన పని ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. బొమ్మను చూసి వచ్చిన పని మరిచిపోయి, ఫోను తీశాడు. మగ్గం ఆగినప్పటి నుంచి లోకంలోని వార్తలన్నీ అతని ఫోనులోనే కాపురముంటున్నాయి.

"అన్నా, గిది పంగోలిన్ గద. కరోనా దీంతోనే అచ్చిందని అనుమానమట. జర సూడు."

ఫోనులో ఉన్నది అచ్చం గోడ మీదిదే. బొమ్మ అంత బాగా కుదిరినందుకు సంతోషించాలో ఏడవాలో అంబదాస్‌కు తెలియలేదు.

"అనుమానమే గదరా. రుజువు గాలే."

కానీ అనుమానం అన్న మాట గోడ దగ్గరే రాలిపోయింది. గల్లీ మలుపు తిరిగేసరికి కరోనాను తెచ్చింది ఇదేనట అయింది. చివరి ఇంటికి చేరేసరికి అంబదాస్ కరోనాను తీసుకొచ్చి గోడకు కట్టేశాడట అయింది. టపటపా తలుపులు పడ్డాయి. ధైర్యం ఉన్న ఒకాయన మాత్రం చీపురుతో వచ్చాడు.

"దీని మూలంగ మగ్గం బందై ఇంట్ల కూసున్నం. నువ్వు దీనికి ఫోటో గీస్తవా?"

గొడవ మేడ మీదికి పాకింది. అక్కడి నుంచి గోడ కనబడకపోయినా జయంతీభాయ్ తీర్పు చెప్పేశాడు. "సాయంత్రం లోపల తుడిచెయ్. లేకపోతే సామాన్ తీసెయ్."

స్వరాజ్యం మూట కట్టడం మొదలుపెట్టింది. అంబదాస్ సున్నం బకెట్టు తెచ్చాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. అలుగు కళ్లలోకి చూడలేక తోక వైపు కుంచె ఎత్తాడు.

"ఆగు కొడుకా." గల్లీకంతటికీ పెద్దదైన ఎల్లవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ఎన్కట అమ్మతల్లి పోసినప్పుడు మన పెద్దలు ఏం జేసిండ్రు? పోచమ్మకు ఏపాకు గట్టి, పెరుగన్నం బెట్టి, సల్లగ సూడు తల్లీ అని సాగనంపిండ్రు. రోగం తెచ్చినదాని మొఖాన సున్నం గొడ్తే ఊకుంటదా? తుడిసిన చెయ్యికే ముందుగాల అస్తది."

చీపురాయన చీపురును వీపు వెనక దాచుకున్నాడు. ఎల్లవ్వ అలుగు నుదుట పసుపు అద్దింది.

మధ్యాహ్నానికి గోడకు వేపమండలు వచ్చాయి, సాయంత్రానికి బోనాలు వచ్చాయి. డప్పులు దొరక్క, మార్చిలో వాయించిన స్టీలు పళ్లేలే మళ్లీ వాయించారు. పక్క గల్లీ గుజరాతీ ఆడవాళ్లు కొబ్బరికాయలు తెచ్చారు. నరేశ్ తాను పొద్దున గోడ దగ్గరికి ఎందుకు వచ్చాడో తలచుకుని లెంపలు వేసుకున్నాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. అంబదాస్ జంతువును చేయబోతే దేవత అయి కూర్చుంది. "ఇది దేవత గాదు, చీమలు తింటది" అని అతను మొత్తుకుంటే, ఒకావిడ గబగబా పోయి గోడ కింద చక్కెర చల్లింది, తల్లికి నాలుగు చీమలు చేరతాయని.

జనం చేరాక పోలీసులు రాకుండా ఉంటారా. జీపు చప్పుడుకు గల్లీ ఖాళీ అయింది. అంబదాస్ మాత్రం కుంచె చేతిలో ఉండటంతో దొరికిపోయాడు. ఇన్‌స్పెక్టర్ గోడ వైపు లాఠీ చూపించి, తుడిచెయ్యమని కానిస్టేబుల్‌ను ఆదేశించాడు. కానిస్టేబుల్ టోపీ తీసి చేతులు కట్టుకున్నాడు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారు సాబ్."

ఇన్‌స్పెక్టర్ కుంచె తానే అందుకున్నాడు. కాసేపు అలుగును చూశాడు. ఆయన ఇంట్లోనూ పిల్లలున్నట్టున్నారు, కుంచె బకెట్టులో పడేసి, ఇంకోసారి ఇక్కడ జనం కనబడితే కేసు పెడతానని అంబదాస్‌ను బెదిరించి జీపెక్కాడు.

అప్పుడు జయంతీభాయ్ కిందికి దిగాడు, మాస్కు మీద మాస్కు వేసుకుని. గోడ దగ్గర నిలబడి, ప్రాణాలకు తెగించి రెండు మాస్కులూ దించి ముక్కు ఎగబీల్చాడు. వేప వాసన, అగరొత్తుల వాసన. పొద్దుటి నుంచి గోడ పొడిగానే ఉంది. ఇంతలో స్వరాజ్యం మూట తెచ్చి గడపలో పెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు జయంతీభాయ్.

"గది ఖాలీ చెయ్యమంటిరి గద సేఠ్."

"నేనా? బస్తీకి మాతాజీని ఇచ్చినోణ్ణి నేను పంపిస్తనా? మూట లోపల పెట్టు బెహన్. అంబదాస్ భాయ్, ఆల్థాన్‌లో నాది ఇంకో మకాన్ ఉంది. అక్కడ గోడ దీనికంటే ఖరాబ్. దానికి కూడా ఒకటి వెయ్."

అంబదాస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రేమ పుట్టకపోతే మానె, ఈ గల్లీలో ఇక ఎవడూ అలుగును గోనెసంచిలో వెయ్యడు, అది చాలనుకున్నాడు. ఆ ఉత్సాహంలో మళ్లీ నోరు జారాడు.

"ఈసారి రాబందును ఏస్త సేఠ్. పాపం, అవి గూడ ఖతమైతున్నయ్."

జయంతీభాయ్ మాస్కులు సర్దుకుని ఎంతో శ్రద్ధగా అడిగాడు.

"దానితోని ఏం రోగం వస్తది?"