ఆఖరివాళ్లకు ఆదివారం

ఆ గురువారం ఉదయం స్టోర్‌కీపర్ పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దుగూకేలోగా రెండు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఓడిపోవాలి.

బస్సు డిపో వర్క్‌షాపులో మూడు సెక్షన్లు: ఇంజన్, టైర్లు, స్టోర్స్. మూడూ ఒకే రోజు మూస్తే బస్సులు కదలవు. అందుకని వారపు సెలవు ఒకరికి ఆదివారం, ఒకరికి శనివారం, ఒకరికి మంగళవారం. ఏది ఎవరికన్న దానిమీద ఏటా కొట్లాటే. ఈసారి మేనేజర్ విసిగిపోయి, సెక్షన్‌కు ఐదుగురు చొప్పున బంతాట ఆడి తేల్చుకోండన్నాడు. రూల్సు రాసే పని స్టోర్‌కీపర్‌కు అప్పజెప్పాడు.

అడగాల్సిన మనిషినే అడిగాడు. ఆయన వదలకుండా చూసే ఊరి ఫుట్‌బాల్ లీగు మ్యాచ్‌లన్నీ ఆదివారాలే. లీగును ఎలా బాగుచేయాలో చెప్పకుండా స్టోర్‌కీపర్ ఎవరికీ ఒక్క నట్టు కూడా ఇవ్వడు. డ్రాలు ఎత్తేయాలి. దెబ్బ తగిలిందని నటించేవాణ్ణి ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడంలో ఆఖరి జట్టుకే మొదటి అవకాశం ఇవ్వాలి; లేకపోతే గెలిచేవాడే ఎప్పుడూ గెలుస్తాడు. వర్క్‌షాపులో ఆయన్ను సవరణల మేస్త్రీ అంటారు.

ఆ సవరణలన్నీ చేర్చి మూడు పేజీల రూల్సు తయారయ్యాయి. పద్నాలుగో రూలు ప్రకారం, పట్టికలో అట్టడుగున నిలిచిన సెక్షన్ సెలవు రోజును ముందుగా ఎంచుకుంటుంది. స్టోర్స్ జట్టు ఐదుగురి వయసు కలిపితే రెండు వందల అరవై ఏడు. గోల్ కాసే గోలీకి మోకాలి పట్టీ ఉంది. ఓడిపొమ్మని వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం స్టోర్‌కీపర్‌కు కనబడలేదు. మేనేజర్ మొదటి పేజీ చదివి మూడో పేజీమీద సంతకం పెట్టాడు.

"ఓడిపోయే ఆటకు చొక్కా ఇస్త్రీ ఎందుకండీ?" అంది భార్య.

"ఓడినా పద్ధతిగా ఓడాలి," అన్నాడు స్టోర్‌కీపర్.

మొదటి మ్యాచ్ టైర్ల సెక్షన్‌తో. దాని ఫోర్‌మన్ స్వయానా ఆయన బావమరిది. ఆటకు ముందు వచ్చి చేయి కలిపాడు.

"రూల్సు భలే రాశావు బావా. మావాళ్లకు చదివి వినిపించాను."

"ఎంతవరకు?"

"పద్నాలుగు దాకా."

ఈల మోగింది. బావమరిది బంతి అందుకుని వెనక్కి తిరిగి తన గోల్‌లోకే కొట్టాడు. వాళ్ల గోలీ మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చాడు. గోలు తిన్నవాళ్లే మళ్లీ ఆట మొదలుపెట్టాలి. స్టోర్‌కీపర్ సవరించకుండా వదిలేసిన రూలు అదొక్కటే. నాలుగు నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. స్టోర్స్‌లో ఇంత సత్తా ఉందని తనకు తెలియదని మేనేజర్ చప్పట్లు కొట్టాడు.

మనమూ మన గోల్‌లోకే కొట్టాలని స్టోర్‌కీపర్ తనవాళ్ల చెవిలో చెప్పాడు. చెప్పి ఏం లాభం? సామాను ఇండెంట్లు రాసే గుమాస్తా నాలుగడుగుల దూరం నుంచి తన్నిన బంతి సొంత గోల్‌ను తప్పించుకుని కాంటీన్‌లోకి పోయింది. పదకొండు–సున్నాతో స్టోర్స్ గెలిచింది.

రెండో మ్యాచ్ ఇంజన్ సెక్షన్‌తో. దాని పెద్దను అందరూ అక్కా అంటారు. సొంత గోల్‌లోకి కొట్టడం నీచమని ఆమె ముందే ప్రకటించింది. ఈల మోగగానే ఆమెతో సహా ఐదుగురూ కాళ్లు పట్టుకుని కూలబడ్డారు.

"ఎక్కడ తగిలిందమ్మా?" అన్నాడు రిఫరీగా నిలబడ్డ గేటు వాచ్‌మన్.

"ఎక్కడా లేదు. నటిస్తున్నాం. రూలు ప్రకారం బయటికి పంపు."

పంపాడు. ఎదురుగా మైదానం ఖాళీ. ఎవరూ ముందుకు తన్నొద్దని తనవాళ్లను హెచ్చరించి స్టోర్‌కీపర్ బంతిమీద కూర్చున్నాడు. ఐదు నిమిషాలకోసారి ఇంజన్ వాళ్లు లోపలికి రావడం, కూలబడడం, వెళ్లడం. ఇరవై నిమిషాలైనా సున్నా–సున్నానే. డ్రాలు లేవు గనుక గోలు పడేదాకా ఆట సాగాలి. మేనేజర్ వాచీ చూసుకున్నాడు.

ఇక తానే పూనుకోవాలనుకుని స్టోర్‌కీపర్ లేచి, తన గోల్‌వైపు బలంకొద్దీ తన్నాడు. జీవితంలో మొదటిసారి గురి కుదిరింది. కానీ కునుకుతున్న గోలీ చప్పుడుకు ఉలిక్కిపడి మోకాలు అడ్డుపెట్టాడు. జీవితంలో అతను ఆపిన మొదటి బంతి కూడా అదే. పట్టీకి తగిలిన బంతి వెనక్కి మళ్లింది. మైదానం ఇంజన్ వాళ్ల గోల్‌వైపు వాలు. బంతి నింపాదిగా దొర్లుతూ పోయింది. వెనకాల స్టోర్‌కీపర్, ఇస్త్రీ చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి, పరిగెత్తాడు. గీతకు రెండడుగుల ముందు బోర్లాపడ్డాడు. బంతి పడలేదు, గీత దాటింది. ఇంజన్ సెక్షన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మేనేజర్ కప్పు చేతికిచ్చి, పద్నాలుగో రూలు అప్పుడు చదివి, సెలవుల రిజిస్టరు తెరిచాడు. మిగతా రెండు రోజులూ వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారనీ, స్టోర్స్‌కు మంగళవారమనీ రాసుకున్నాడు.

"సార్, పద్నాలుగో రూల్లో చిన్న సవరణ..."

"ఒక్క అక్షరం మార్చను. గెలిచి కూడా ఓడినవాళ్లకు ఆదివారం వదిలేశారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ?"

మరుసటి మంగళవారం స్టోర్‌కీపర్ ఇంట్లో కూర్చుని లీగు ఆఫీసుకు ఉత్తరం రాశాడు. మ్యాచ్‌లు మంగళవారాలకు మారిస్తే తప్ప ఈ ఆటకు భవిష్యత్తు లేదని.