ఫ్లాపీలో చిక్కిన నవల

ఆ ఆదివారం పొద్దున రచయితగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, పేపరు తిరగేసి, మళ్ళీ పడుకోవడం. రచయిత అన్నది అత్తవారివైపు వాళ్ళు పెట్టిన పేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నవల రాశాననీ, అది ఫ్లాపీలో చిక్కుకుపోయిందనీ ఆయన చెప్పని చుట్టం లేడు.

భార్య కాఫీతో పాటు ఒక మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

"ఏమండీ, ఈయన కంప్యూటర్లు బాగుచేస్తారు. పాత ఫ్లాపీలు చదివే మిషనుందట. మీ నవల బయటికి తీయిద్దాం!"

ఆయనకు కాఫీ పొలమారింది. ఆ ఫ్లాపీలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం మరి.

వెతికే వంకతో లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ మీది అయస్కాంతం ఊడబెరికి అందులోది చెరిగిపోవాలని ఫ్లాపీని దాంతో గిన్నె తోమినట్టు తోమాడు. వెనకనుంచి చూసిన భార్యకు, మొగుడు దాన్ని గుండెకు హత్తుకుని ఏడుస్తున్నట్టు తోచింది. పాపం, మనసు కరిగిపోయి తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు పెదనాన్నను తెచ్చాడు. పెదనాన్న తన స్నేహితుడైన లైబ్రేరియన్‌ను తెచ్చాడు. కుర్చీలు పక్కింటినుంచి వచ్చాయి.

"లోపల బూజు పట్టేసిందండీ," అన్నాడు రిపేరతను, ఫ్లాపీ రేకు జరిపి చూస్తూ.

"అయ్యో! పోనీలెండి, నాకంతే ప్రాప్తం," అన్నాడు రచయితగారు, సంతోషం దాచుకోలేక.

"తుడిస్తే పోతుందండీ."

తుడిచి పెట్టగానే మిషను కీచుకీచుమంది.

"ఆపేయండి, మీ మిషను పాడైపోతుంది!"

"ఎంత మంచి మనసు బావగారూ మీది!" అన్నాడు బావమరిది.

ఫ్రిజ్ అయస్కాంతం కాగితాలు పట్టుకోవడానికే గాని నవలల్ని చంపడానికి చాలదని రచయితగారికి తెలియదు. తెరమీద అక్షరాలు వచ్చాయి: "ఆ రోజు వాన వచ్చేలా ఉంది." దాని కింద అంతా తెలుపు.

"తర్వాత?" అన్నాడు లైబ్రేరియన్, కళ్ళజోడు సవరించుకుంటూ.

"ఫైలు ఇంతేనండీ. చెడిపోయిందేమీ లేదు," అన్నాడు రిపేరతను.

రచయితగారికి తల కొట్టేసినట్టయింది. భార్య ఒక్కసారి ఆయన ముఖంలోకి చూసింది. అంతా అర్థమైపోయింది.

"ఇది మొదటి ఫ్లాపీ," అంది తాపీగా. "మిగతాదంతా రెండోదాంట్లో ఉంది. నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయాను. దొరగ్గానే పిలుస్తాను."

చుట్టాలు ఆమె మతిమరుపును తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. తలుపు వేసి ఆమె వెనక్కి తిరిగింది.

"ముందు ఆ అయస్కాంతం తీసినచోట పెట్టండి. మా వాళ్ళు మళ్ళీ వేసవిలో వస్తారు. ఈలోగా నాకు రెండో ఫ్లాపీ కావాలి."

వేసవి రానే వచ్చింది. నవలలో వాన మాత్రం ఇంకా వచ్చేలానే ఉంది.